పగడాలు, వాటి తెల్లబారడం, సముద్రం మింగే బొగ్గుపులుసు వాయువు: తరచుగా అడిగే ప్రశ్నలు

చెన్నై వేళచ్చేరిలో మా అపార్ట్‌మెంట్ మేడమీద ఆదివారం పొద్దున పది పన్నెండు మంది తెలుగు పిల్లలు పోగవుతారు. మొదట్లో తెలుగు చదవడం, రాయడం నేర్పాలనే మొదలుపెట్టాం. బెసంట్ నగర్ తీరం దగ్గరే కావడంతో మాట ఎప్పుడూ సముద్రం మీదికి మళ్ళేది. ఒక ఏప్రిల్లో అందరం రామేశ్వరం వైపు వెళ్ళి, గాజు అడుగున్న పడవెక్కి వచ్చాక పగడాల దగ్గరే ఆగిపోయింది. పిల్లలూ, వాళ్ళ అమ్మానాన్నలూ, నెల్లూరు నుంచి వచ్చిపోయే అమ్మమ్మలూ తాతయ్యలూ మళ్ళీ మళ్ళీ అడిగినవి, నేను మళ్ళీ మళ్ళీ చెప్పినవి ఇక్కడ ఒకచోట పెడుతున్నాను.

అమ్మమ్మ మంగళసూత్రంలోని పగడమూ, సముద్రంలోని పగడపు దిబ్బా ఒకటేనా?

చుట్టాలే గానీ ఒకటి కాదు. నల్లపూసల మధ్య గుచ్చే ఎర్రపగడం ఎక్కువగా మధ్యధరా సముద్రంలో, వెలుతురు సరిగా పడని చోట రాళ్ళను పట్టుకుని పెరుగుతుంది. అది చిన్న చెట్టుకొమ్మలా ఉంటుంది, దిబ్బలు కట్టదు. దిబ్బలు కట్టేవి రాతి పగడాలు. వాటికి ఎండ కావాలి, వెచ్చటి తేట నీళ్ళు కావాలి.

రెండింటి ఒంట్లోనూ ఉన్న పదార్థం మాత్రం ఒకటే, కాల్షియం కార్బొనేట్. సున్నపురాయిలోనూ, గుడ్డు పెంకులోనూ ఉన్నదే. మా అమ్మమ్మ తాడులోంచి విడదీసిన రెండు పగడాలు నా దగ్గర ఉన్నాయి. బయటివైపు ఇంకా మిరపపండులా ఎర్రగా నున్నగా ఉన్నాయి. మెడకు తగిలే వైపు మాత్రం మెరుపు పోయి, గోటితో రాస్తే సుద్దలా గరుకుగా తగులుతుంది. యాభై ఏళ్ళ చెమటలోని పులుపు చేసిన పని అది. పిల్లల చేతుల్లో ఆ పూసలు పెట్టి, రెండు వైపులా తడిమి చూడమంటాను. కింద సముద్రపు పులుపు గురించి చెప్పేటప్పుడు ఇది మళ్ళీ గుర్తు చేస్తాను. (నిమ్మరసం చుక్క వేస్తే అసలు పగడం సన్నగా నురగెత్తుతుంది. ఇంట్లో పగడాల మీద మాత్రం ప్రయత్నించకండి, పోయిన మెరుపు తిరిగి రాదు.)

పగడం మొక్కా, రాయా, జంతువా?

జంతువు. పాలిప్ అనే చిన్న జీవి, చాలా రకాల్లో బియ్యపుగింజ నుంచి శనగగింజ వరకు ఉంటుంది. ఒక మెత్తటి సంచి, పైన ఒక నోరు, నోటి చుట్టూ తడుముకునే మీసాలు. జెల్లీ చేపకు దగ్గరి బంధువు. వేలకొద్దీ పాలిప్‌లు ఒకదానికొకటి అతుక్కుని, కింద సున్నపురాతి గూడు కట్టుకుంటూ పైపైకి పోతాయి. మనకు రాయిగా కనిపించేది ఆ గూడు.

అసలు కథ దాని చర్మంలో ఉంది. జూక్సాంథెల్లే అనే కంటికి కనిపించనంత చిన్న నాచు కణాలు పాలిప్ కండలోనే కాపురం ఉంటాయి. మా తాతగారి ఊళ్ళో కౌలు సేద్యంలాంటిదే ఇదీ. చోటు పగడానిది, ఎరువూ దానిదే, అంటే అది విసర్జించే నత్రజని. సేద్యం నాచుది. ఎండతో అది చేసుకున్న తిండిలో చాలా భాగం పగడానికే అందుతుంది. కొన్ని పగడాల ఆకలిలో 90 శాతం దాకా ఈ కౌలు గింజలే తీరుస్తాయి. తక్కినది రాత్రిపూట మీసాలు చాచి, నీళ్ళలో కొట్టుకొచ్చే చిన్న జీవుల్ని పట్టి తింటుంది. పగడాల్లో మనం చూసే గోధుమ, పసుపు, ఆకుపచ్చ ఛాయలు చాలామటుకు ఆ నాచువే.

సముద్రంలో ఇంత చిన్న భాగం పోతే అంత నష్టమా?

సముద్రపు అడుగులో ఒక శాతం కూడా లేని చోటులో సముద్రజీవుల రకాల్లో దాదాపు నాలుగోవంతు బతుకుతున్నాయి. కాశిమేడు చేపల రేవుకు తెల్లవారుజామున వెళ్ళండి. శంకరా, కలవా లాంటి రాళ్ళ చేపలతో పాటు అప్పుడప్పుడు చిలకచేప కూడా గంపలో ఉంటుంది. నీలం ఆకుపచ్చ కలిసిన ఒళ్ళు, పళ్ళన్నీ అతుక్కుపోయి నిజంగానే చిలకముక్కులా ఉంటుంది. వేలితో తడిమితే గట్టిగా పింగాణీలా తగులుతుంది. ఆ ముక్కుతో అది పగడపు రాతి మీది నాచును గోకి తింటుంది. రాతిపొడి కూడా లోపలికి పోయి, మెత్తటి ఇసుకై బయటికి వస్తుంది. చాలా పగడపు దీవుల తెల్ల ఇసుకలో పెద్ద భాగం ఇలా వచ్చిందే. ఆ చేపలు తగ్గితే నాచు పగడాల్ని కప్పేస్తుంది.

ఇంకొకటి అలల సంగతి. తీరానికి వచ్చే అలల బలాన్ని దిబ్బలు సగటున 97 శాతం తగ్గిస్తాయని ప్రపంచవ్యాప్తంగా జరిగిన కొలతలు తేల్చాయి. ఆ గోడ మళ్ళీ కట్టాలంటే, గుండ్రటి బండ పగడాలు ఏడాదికి ఒక సెంటీమీటరు అటూ ఇటూగానే పెరుగుతాయి. కొమ్మల పగడాలు వేగం, పది సెంటీమీటర్ల దాకా పోతాయి గానీ పెళుసు.

చెన్నైలో, ఆంధ్రా తీరంలో ఎందుకు లేవు?

పగడం బురదను తట్టుకోలేదు, మంచినీళ్ళను తట్టుకోలేదు. గోదావరి, కృష్ణ, పెన్న తెచ్చే ఒండ్రు, వానకాలపు తియ్యనీళ్ళు మన తీరమంతా పరుచుకుంటాయి. విశాఖ వైపు రాళ్ళ మీద విడివిడిగా పగడాలు కనిపిస్తాయి గానీ దిబ్బ కట్టేంత కాదు. చెన్నై దగ్గర ఇసుక నేల, కలకబారిన నీళ్ళు. మెరీనాలో నిలబడి మోకాలిలోతు నీళ్ళలో మీ పాదం మీకు కనిపిస్తుందేమో చూసుకోండి, సంగతి అర్థమవుతుంది.

దేశంలో దిబ్బలున్న ముఖ్యమైన చోట్లు నాలుగు: అండమాన్ నికోబార్, లక్షద్వీప్, గుజరాత్‌లోని కచ్ సింధుశాఖ, తమిళనాడులో పక్కపక్కనే ఉన్న మన్నారు సింధుశాఖ-పాక్ బే. మనకు దగ్గరిది చివరిదే, రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి చేరొచ్చు. పాంబన్ నుంచి తూత్తుకుడి దాకా 21 దీవులు వరసగా ఉంటాయి. 1986లో దాన్ని సముద్ర జాతీయ వనంగా, 1989లో 10,500 చదరపు కిలోమీటర్ల జీవావరణ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు.

ఆ 21లో రెండు దీవులు ఇప్పుడు నీటి పైకి కనిపించవు. తూత్తుకుడి వైపున్న విలాంగుశల్లి, కీళక్కరై వైపున్న పూవరసన్‌పట్టి. దశాబ్దాలపాటు సున్నం కోసం, కట్టడాల కోసం, కార్బైడ్ పరిశ్రమ కోసం చుట్టూ ఉన్న పగడాన్ని గునపాలతో పెకలించి పడవలకెత్తారు. గోడ పోయింది, అల నేరుగా ఇసుకను తాకింది, దీవి కరిగింది. వాతావరణం వేడెక్కడం గురించి మాట్లాడేటప్పుడు నేను ఈ సంగతి ముందు చెబుతాను. పగడానికి జరిగిన హాని అంతా ఎక్కడో దూరంలోంచి వచ్చింది కాదు.

రామసేతువు పగడాలదేనా?

ధనుష్కోటి నుంచి శ్రీలంకలోని తలైమన్నారు వరకు ఉన్నది ఇసుక తిన్నెలు, సున్నపురాతి మెరకల వరుస. దానికి ఉత్తరాన పాక్ బే, దక్షిణాన మన్నారు సింధుశాఖ. రెండువైపులా పగడాలు పెరుగుతాయి. మిగతాది మీ ఇంట్లో పెద్దలు చెప్పే కథ, దాన్ని నేను ముట్టుకోను.

తెల్లబారడం అంటే ఏమిటి?

నీళ్ళు అలవాటుకు మించి వేడెక్కితే పగడంలోని నాచు, గింజలకు బదులు విషం పండించడం మొదలుపెడుతుంది. ఎండతో తిండి తయారుచేసే యంత్రాంగం వేడికి దెబ్బతిని, కణాల్ని కాల్చే రకం ఆక్సిజన్‌ను వదులుతుంది. పగడానికి వేరే దారి ఉండదు, నాచును బయటికి కక్కేస్తుంది. కౌలుదారు వెళ్ళిపోయాక మిగిలేది గాజులాంటి పలచని చర్మం, దాని వెనక తెల్లటి సున్నపురాయి. మనకు కనిపించే తెలుపు ఆ ఎముకది.

మేం చూసింది చెబుతాను. మండపం దగ్గర పడవతను ఇంజన్ ఆపి, గాజు మీది తడిని లుంగీ కొంగుతో తుడిచాడు. మొదట ఏమీ లేదు, ఆకుపచ్చ నీళ్ళు, ఇసుక. తర్వాత గంపంత గుండ్రటి బండ పగడం ఒకటి వచ్చింది. పైభాగం, ఎండ పడే వైపు, సున్నం కొట్టిన గోడలా తెల్లగా ఉంది. పక్కలకు జారేకొద్దీ తెలుపు పలచబడి, అడుగున నీడలో మామూలు గోధుమరంగే. మా వెంట ఉన్న తొమ్మిదేళ్ళ పిల్ల, "ఆంటీ, దానికి ఎండదెబ్బ తగిలిందా?" అంది. వేడికి తోడు ఎండ తీవ్రత కూడా కలిస్తేనే దెబ్బ పెద్దదవుతుందని శాస్త్రజ్ఞులు చెప్పేదాన్నే ఆ పిల్ల ఒక్క మాటలో అనేసింది. పడవతను మాత్రం అరవంలో, "వేసవికాలం ఇలాగే తెల్లబడుతుందమ్మా, కొన్ని తిరిగి రంగు తెచ్చుకుంటాయి, కొన్ని తెచ్చుకోవు" అన్నాడు.

తెల్లబడితే చచ్చిపోయినట్టేనా?

కాదు. ఆకలితో ఉన్నట్టు. నీళ్ళు కొన్ని వారాల్లో చల్లబడితే నాచు తిరిగి చేరుతుంది, రంగు తిరిగొస్తుంది. కానీ ఆ ఏడాది పెరుగుదల కుంటుపడుతుంది, గుడ్లు పెట్టే బలం తగ్గుతుంది, రోగాలు తేలిగ్గా పట్టుకుంటాయి. వేడి తగ్గకపోతే చస్తుంది. చచ్చిన పగడం తెల్లగా ఉండదు, ఇది చాలామంది తప్పుగా అనుకునే విషయం. కొద్దిరోజుల్లోనే దాని మీద ఆకుపచ్చ, గోధుమ రంగు బూజులాంటి నాచు పట్టేస్తుంది. కాబట్టి ఫోటోలో మెరిసే తెలుపు కనిపిస్తే అది ఇంకా బతికి ఉందని, లేదా ప్రాణం ఇప్పుడే పోయిందని అర్థం.

ఎంత వేడి అయితే ప్రమాదం? ముందే తెలుస్తుందా?

ప్రతిచోటుకూ దాని లెక్క దానిదే. ఆ చోట ఏడాదిలో అన్నిటికన్నా వెచ్చటి నెల సగటును తీసుకుంటారు. దానికి ఒక డిగ్రీ పైకి పోతే గండం మొదలు. ఎన్ని డిగ్రీలు ఎన్ని వారాలు అనేది కలిపి లెక్కేస్తారు, దాన్ని డిగ్రీ హీటింగ్ వీక్స్ అంటారు. ఒక డిగ్రీ ఎక్కువగా నాలుగు వారాలుంటే అది 4. అక్కడ తెల్లబారడం మొదలవుతుంది. 8 దాటితే చావులు.

మనకు ఈ హెచ్చరిక ఎక్కడినుంచి వస్తుందో తెలుసా? హైదరాబాదు నుంచి. ప్రగతినగర్‌లోని జాతీయ సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్, ఉపగ్రహాలు కొలిచే సముద్రపు ఉపరితల వేడిని చూసి, అండమాన్, లక్షద్వీప్, కచ్, మన్నారు దిబ్బలకు తెల్లబారే గండం ఏ స్థాయిలో ఉందో ప్రకటిస్తుంది. సునామీ హెచ్చరికలు ఇచ్చేదీ ఆ సంస్థే. సముద్రం లేని ఊళ్ళో కూర్చుని సముద్రపు జ్వరం చూసేవాళ్ళున్నారని చెబితే పిల్లలకు ఎంత సంతోషమో!

ఎల్‌నినో వచ్చినప్పుడల్లా వేడెక్కేదే కదా, ఇందులో కొత్తేముంది?

పెద్దవాళ్ళు ఎక్కువగా అడిగేది ఇదే. ఎల్‌నినో, అంటే కొన్నేళ్ళకొకసారి పసిఫిక్ సముద్రం వేడెక్కడం, కొత్తది కాదు, నిజం. కింద ఉన్న మెట్టు, అంటే సముద్రపు మామూలు వేడి, పైకి జరిగింది, అది కొత్త. ప్రపంచమంతా ఒకేసారి తెల్లబారడం 1998లో మొదటిసారి నమోదైంది. రెండోది 2010లో. మూడోది 2014 నుంచి 2017 దాకా సాగింది. నాలుగోది నడుస్తోందని అమెరికా సముద్ర, వాతావరణ సంస్థ నోవా 2024 ఏప్రిల్లో ప్రకటించింది. 2025 నాటికి ప్రపంచ దిబ్బల్లో దాదాపు 84 శాతం తెల్లబారేంత వేడిని చూశాయి. ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్ 1998, 2002, 2016, 2017, 2020, 2022, 2024, 2025లలో విస్తారంగా తెల్లబారింది. ఆ వరసలో మధ్య ఖాళీలు ఎలా తగ్గిపోయాయో వేళ్ళ మీద లెక్కపెట్టుకోండి. దెబ్బతిన్న దిబ్బ కోలుకోవడానికి పదేళ్ళు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. రెండేళ్ళకొకసారి జ్వరం వస్తే కోలుకునేది ఎప్పుడు?

లక్షద్వీప్‌లో 1998 నుంచి 2022 దాకా సాగిన పరిశీలనలో బతికున్న పగడపు కప్పు దాదాపు సగానికి పడిపోయింది. మన దేశంలో నిఖార్సైన అటాల్స్, అంటే మధ్యలో మడుగును చుట్టుకున్న కంకణం లాంటి దీవులు, ఉన్నది అక్కడే. మునిగిపోయే అగ్నిపర్వతం చుట్టూ పగడం పైకి పెరుగుతూ పోవడం వల్లే అటాల్ ఏర్పడుతుందని డార్విన్ 1842లో రాశాడు. అంటే పగడం పెరగడం ఆగితే ఆ దీవుల్లో నిలబడటానికి నేలే ఉండదు.

పగడపు దిబ్బలు అడవుల్లాంటివి, కార్బన్‌ను పీల్చుకుంటాయి. అందుకే కాపాడాలి కదా?

కాపాడాలి, కానీ అందుకు కాదు. ఈ పేజీ రాయడానికి అసలు కారణం ఈ ప్రశ్నే. ఒక బడిలో సైన్సు ప్రదర్శనకు నన్ను పిలిచారు. "పగడాలు సముద్రపు ఊపిరితిత్తులు, కార్బన్‌ను మింగి మనల్ని కాపాడతాయి" అని పిల్లలు అట్టముక్క మీద అందంగా రాశారు, పక్కన చెట్టు బొమ్మ. ఎవరూ తప్పు చెప్పాలని చెప్పలేదు. మంచి ఉద్దేశంతో చెప్పిన తప్పు కాబట్టే అది అంత తేలిగ్గా పాకింది.

జరిగేది ఇది. పగడం నీళ్ళలో కరిగి ఉన్న కాల్షియాన్నీ, బైకార్బొనేట్‌నూ కలిపి సున్నపురాయి కడుతుంది. ఆ కట్టడంలో కార్బన్‌లో కొంత రాయిలోకి వెళుతుంది, కొంత బొగ్గుపులుసు వాయువుగా, అంటే కార్బన్ డయాక్సైడ్‌గా, విడుదలవుతుంది. సముద్రపు నీటిలో పది అణువుల సున్నపురాయి కడితే రమారమి ఆరు అణువుల బొగ్గుపులుసు వాయువు బయటపడుతుంది. అంటే దిబ్బ కట్టడం అనే పని దానికదే కొద్దిగా వాయువును వదిలే పని. మరి నాచు పీల్చుకునేదో? పీలుస్తుంది, నిజమే, కానీ అది చేసిన తిండిని ఆ దిబ్బ మీదే పగడాలూ, చేపలూ, సూక్ష్మజీవులూ తిని తిరిగి ఊపిరిగా వదిలేస్తాయి. చివరికి చేతిలో మిగిలేది దాదాపు సున్నా.

లక్షల ఏళ్ళ లెక్క వేరు. వానలు రాళ్ళను అరగదీసి నదుల ద్వారా సముద్రానికి పంపడం, అక్కడ అది సున్నపురాయై అడుగున చేరడం, ఈ మొత్తం చక్రం కార్బన్‌ను నేలలో దాస్తుంది. మన ఆయుష్షుకు, మన కరెంటు బిల్లుకు ఆ లెక్క పనికిరాదు.

దీని మీద నేను ఇంత పట్టుబట్టడానికి కారణముంది. "కార్బన్ పీలుస్తుంది కాబట్టి కాపాడు" అని పిల్లలకు నేర్పితే, రేపు పీల్చదని తెలిసినప్పుడు కాపాడక్కర్లేదని అనుకుంటారు. పగడం మన పొగను కడిగిపెట్టే పనిమనిషి కాదు, ఆ పొగ దెబ్బ తిన్నది. కడుపు నింపే చేప, తీరాన్ని ఆపే గోడ, వేల ఏళ్ళుగా అది కట్టుకున్న ఇల్లు, ఈ కారణాలు చాలవా? తీరంలో కార్బన్‌ను నిజంగా దాచేవి కావాలంటే మడ అడవులున్నాయి, కాకినాడ దగ్గర కోరింగ, చిదంబరం దగ్గర పిచ్చవరం. సముద్రపు గడ్డి మైదానాలున్నాయి. పాక్ బేలో ఆ గడ్డి మేసే కడలి ఆవుల కోసం తమిళనాడు 2022లో 448 చదరపు కిలోమీటర్ల రక్షిత ప్రాంతం ప్రకటించింది.

అయితే సముద్రం కార్బన్‌ను తీసుకునేది ఎలా?

గోలీసోడా తాగారు కదా. బాగా చల్లారిన సీసా గోలీని లోపలికి నొక్కితే బుస్సుమని ఊరుకుంటుంది. ఎండలో పెట్టిన సీసా అయితే సగం నురగై చొక్కా మీద పడుతుంది. చల్లటి నీళ్ళు గ్యాసును ఎక్కువ పట్టుకుంటాయి, వెచ్చటివి వదిలేస్తాయి. సముద్రంలోనూ అంతే. ధ్రువాల దగ్గర చల్లటి నీళ్ళు గాలిలోని బొగ్గుపులుసు వాయువును కరిగించుకుని, బరువెక్కి లోతుకు దిగిపోతాయి. ఆ నీళ్ళు తిరిగి పైకి రావడానికి వందల ఏళ్ళు పడుతుంది. ఇది మొదటి దారి.

రెండో దారి జీవుల ద్వారా. పైన వెలుతురున్న నీళ్ళలో డయాటమ్‌ల లాంటి ఒంటికణపు నాచు పుడుతుంది. దాన్ని చిన్న జీవులు తింటాయి. వాటి మలం, చచ్చిన శరీరాలు కలిసి జిగురుగా పోగై మెల్లగా కిందికి రాలతాయి. దాన్ని సముద్రపు మంచు అంటారు. చాలా మటుకు దారిలోనే సూక్ష్మజీవులు తినేసి మళ్ళీ వాయువుగా మారుస్తాయి. కొంచెమే అడుగుకు చేరుతుంది. ఇక్కడ మన బంగాళాఖాతానికి ఒక ప్రత్యేకత ఉంది. వానకాలంలో గంగ, గోదావరి, కృష్ణ తెచ్చే ఒండ్రు ఆ రాలే ముద్దల్లో కలిసి వాటిని బరువు చేస్తుంది, అవి త్వరగా మునుగుతాయి. పగడాన్ని మన తీరానికి రానివ్వని ఒండ్రే లోతుకు కార్బన్‌ను మోసే కూలీ అయిందన్నమాట. నాకు ఈ విషయం తెలిసిన రోజు రాజమండ్రి వంతెన మీద నుంచి చూసిన ఎర్రటి వరద గుర్తొచ్చింది.

మొత్తం మీద సముద్రంలో ఉన్న కార్బన్ ఎంతో కిలోల్లో చెబితే ఎవరికీ ఎక్కదు. గాలిలో ఉన్నదానికి 40 రెట్లకు పైనే అని గుర్తు పెట్టుకుంటే చాలు. మనం ఏటా వదిలే బొగ్గుపులుసు వాయువులో నాలుగోవంతు సముద్రమే తీసుకుంటోంది. భూమి మీద అదనంగా పోగవుతున్న వేడిలో 90 శాతానికి పైగా కూడా దాంట్లోకే పోతోంది. 1958లో హవాయిలో చార్లెస్ కీలింగ్ కొలతలు మొదలుపెట్టినప్పుడు గాలిలో బొగ్గుపులుసు వాయువు పదిలక్షల పాళ్ళకు 315 పాళ్ళు ఉండేది. ఇప్పుడు 420 దాటింది. యంత్రాలు రాకముందు 280. సముద్రం తీసుకోకపోతే ఈ అంకె ఇంకా ఎంతో పైన ఉండేది. కానీ నీళ్ళు వేడెక్కేకొద్దీ, గోలీసోడా లెక్క ప్రకారం, పట్టుకునే శక్తి తగ్గుతుంది.

సముద్రం పులిసిపోతోందంటారు, నిజమా? ఇంట్లో చూపించవచ్చా?

పుల్లగా అయిపోదు. క్షారగుణం తగ్గి పులుపు వైపు జరుగుతోంది. పారిశ్రామిక యుగానికి ముందు పైనీళ్ళ పీహెచ్ (పులుపు, క్షారం కొలిచే అంకె, తగ్గితే పులుపు పెరిగినట్టు) 8.2 దగ్గర ఉండేది, ఇప్పుడు 8.1. చిన్న తేడాలా ఉంది కానీ ఆ కొలబద్ద తీరు వేరు. పులుపునిచ్చే హైడ్రోజన్ అయాన్లు 30 శాతం దాకా పెరిగాయని దాని అర్థం. అవి పగడానికి ఇటుకలుగా పనికొచ్చే కార్బొనేట్‌ను ముందే పట్టేసుకుంటాయి. వేడికి నీరసించిన పగడానికి ఇది గోరుచుట్టు మీద రోకలిపోటు.

ఇంట్లో చూపించవచ్చు. తాంబూలం సున్నం శనగబద్దంత తీసుకుని పెద్ద గ్లాసు నీళ్ళలో కలిపి రాత్రంతా వదిలేయండి. పొద్దున పైన తేరిన సున్నపు తేటను కదపకుండా గాజుగ్లాసులోకి మూడోవంతు లోపే వంచండి. స్ట్రాతో మెల్లగా ఊదండి (పీల్చకూడదు, పెద్దవాళ్ళు పక్కన ఉండాలి). నిమిషంలో పాలలా తెల్లబడుతుంది. ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువు సున్నంతో కలిసి అమ్మమ్మ పగడంలో ఉన్న పదార్థమే పుట్టింది. ఇప్పుడు రుచీ ఉప్పూ ఏమీ కలపని చల్లటి సోడా పోస్తూ పోండి. తేటకు రెండింతలు పోసేసరికి తెలుపు విరిగి, మళ్ళీ తేటగా అయిపోతుంది. అదే వాయువు కొంచెమైతే రాయి కట్టింది, మితిమీరితే ఆ రాయినే కరిగించింది. మా మేడమీద ఇది చేసిన రోజు ఎవరూ మాట్లాడలేదు. చివరికి ఒక అబ్బాయి ఆ పాత పూసను మెడవైపు తిప్పి మళ్ళీ తడిమాడు.

చెన్నై సముద్రం రాత్రి నీలంగా వెలిగింది కదా, దానికీ దీనికీ సంబంధముందా?

2019 ఆగస్టులో తిరువాన్మియూర్, బెసంట్ నగర్ తీరాల్లో అలలు నీలంగా మెరిశాయి. మేమూ వెళ్ళి చూశాం, చాలా అందంగా ఉంది. అది నాక్టిలూకా అనే సూక్ష్మజీవి పని. అదే ఏడాది సెప్టెంబరులో మన్నారు సింధుశాఖలో అది విపరీతంగా పెరిగి నీళ్ళు పచ్చబడ్డాయి. అది కుళ్ళినప్పుడు ఆక్సిజన్ పడిపోయి చేపలూ, కొన్నిచోట్ల పగడాలూ చచ్చాయి. పగడాలకు వేడి ఒక్కటే గండం కాదు.

పగడాలు నాటుతున్నారట, దాంతో సరిపోదా?

తూత్తుకుడిలోని సుగంధి దేవదాసన్ సముద్ర పరిశోధన సంస్థ ఏళ్ళ తరబడి ఆ పని చేస్తోంది. బతికున్న పగడం నుంచి చిన్న ముక్కలు తీసుకుని, కాంక్రీటు చట్రాలకు కట్టి, నీటి అడుగున పెంచుతారు. కోసుకుపోతున్న వాన్ దీవి చుట్టూ కాంక్రీటు కృత్రిమ దిబ్బలు దింపారు. చేతితో ఒక్కో ముక్కనూ కట్టే ఆ మనుషులంటే నాకు గౌరవం. కానీ నారు పోసినవాడు నీళ్ళు కూడా చూసుకోవాలి. నీళ్ళు వేడెక్కితే నాటింది కూడా తెల్లబారుతుంది. భూమి సగటు వేడి 1.5 డిగ్రీలు పెరిగితే వెచ్చటి నీళ్ళ దిబ్బలు 70 నుంచి 90 శాతం పోతాయని, 2 డిగ్రీలైతే 99 శాతానికి పైగా పోతాయని ఐక్యరాజ్యసమితి వాతావరణ శాస్త్రజ్ఞుల బృందం ఐపీసీసీ 2018లోనే చెప్పింది. ఆ అర డిగ్రీ దగ్గరే మన పోరాటమంతా.

సన్‌స్క్రీన్ వల్ల పగడాలు చస్తాయా?

కొన్ని రసాయనాలు హాని చేస్తాయని హవాయి రాష్ట్రం 2021 నుంచి వాటి అమ్మకాన్ని ఆపింది. దిబ్బ దగ్గర ఈదితే పొడుగు చేతుల చొక్కా వేసుకోండి. వేడితో పోలిస్తే ఇది చిన్న విషయం.

తెల్లటి పగడపు ముక్క దుకాణంలో చూశాం, కొనవచ్చా?

కొనకూడదు. దిబ్బ కట్టే రాతి పగడాలు, నల్లపగడాలు, సముద్రపు విసనకర్రలు 2001 నుంచి వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి, అంటే పులికి ఉన్న రక్షణే. చచ్చినదైనా, తీరానికి కొట్టుకొచ్చినదైనా సంచిలో వేసుకోకండి. చేపల తొట్టిలో అలంకారానికి కూడా వద్దు. యాత్రకు వెళ్ళొచ్చిన మా బంధువులొకరు షోకేసులో పెట్టుకున్నారు, చట్టం సంగతి చెబితే నిజంగా భయపడ్డారు. తెలియక కొనేవాళ్ళే ఎక్కువ.

చెన్నైలో ఉండి మనం చేయగలిగింది ఏముంది?

నీళ్ళను వేడి చేస్తున్నది బొగ్గు, పెట్రోలు, గ్యాసు. ఎన్నూరు వైపు పొగగొట్టాలు చూసే ఉంటారు. మేం మా అపార్ట్‌మెంట్‌లో రెండేళ్ళు వాదించుకుని మేడమీద సౌరఫలకలు పెట్టించుకున్నాం. మోటారు, లిఫ్టు, మెట్ల దీపాలు దాదాపు దాని మీదే నడుస్తున్నాయి. మెట్రో ఉన్నచోట మెట్రో ఎక్కండి. ఎన్నికలప్పుడు ఓటడగడానికి వచ్చినవాళ్ళను కరెంటు ఎక్కడినుంచి తెస్తారని అడగండి. నీళ్ళ రేటు అడిగినంత మామూలుగా అడగండి.

చూడటానికి ఎప్పుడు వెళ్ళాలి?

జనవరి నుంచి ఏప్రిల్ మధ్య మన్నారు వైపు నీళ్ళు కాస్త నెమ్మదిగా, తేటగా ఉంటాయి. జూన్ తర్వాత నైరుతి గాలికి అల లేస్తుంది. దీవుల్లో దిగాలంటే అటవీశాఖ అనుమతి కావాలి. నీళ్ళలో దిగినా పగడం మీద కాలు పెట్టకండి, ఒక్క అడుగుకు పదేళ్ళ పెరుగుదల విరుగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో వెళితే కొన్ని తెల్లగానే కనిపిస్తాయి, పిల్లలకు ముందే చెప్పి తీసుకెళ్ళండి. ఆ రెండు నెలలూ ఇన్‌కాయిస్ ఇచ్చే పటాన్ని మేం అచ్చు తీసి లిఫ్టు పక్కన అంటిస్తాం. మన్నారు దగ్గర రంగు మారిన రోజు పిల్లలు దాని కింద పెన్సిలుతో తేదీ వేస్తారు.